దాపట తెర... ఎలపట తెర

కంప్యూటరు ముందు కూర్చునే మనిషికి ఎన్ని చేతులు కావాలి? రెండు అని ఠక్కున చెప్పేస్తాం. లెక్కేస్తే మాత్రం మూడు తేలతాయి. కీబోర్డు మీదికి రెండు, మౌసు మీదికి ఒకటి. ఉన్న రెండింటితోనే సర్దుకుంటున్నాం కాబట్టి ఆ మూడో చేతి కొరత మనకు తెలియదు. కుడి చెయ్యి పొద్దస్తమానం కీబోర్డు నుంచి మౌసుకీ, మౌసు నుంచి కీబోర్డుకీ తిరుగుతూనే ఉంటుంది. దాని తిరుగుడు దానిదే, మన ధ్యాస మనదే!

ఇక ఇప్పుడు చాలా ఇళ్లలో బల్ల మీద ఒక తెర కాదు, రెండు తెరలు. 2020లో లాక్‌డౌన్ పుణ్యమా అని సాఫ్ట్‌వేరు పిల్లలంతా ల్యాప్‌టాపులు చంకన పెట్టుకుని సొంతూళ్లకు చేరారు. కొన్నాళ్లకు ల్యాప్‌టాప్ పక్కన ఇంకో పెద్ద మానిటర్ వచ్చి కూర్చుంది. ఇంట్లో పెద్దవాళ్లు ‘రెండు టీవీలెందుకురా’ అని అడగని ఇల్లు లేదు. ఆ పిల్లలు కూడా సరైన జవాబు చెప్పలేరు. ఒకదాంట్లో చూస్తూ రెండోదాంట్లో రాసుకుంటామని ఏదో అంటారు. ఆ చూడటానికీ రాయడానికీ మధ్య దాటాల్సిన గడప ఒకటుందని ఎవరూ చెప్పరు. ఇవతలి తెరలో టైపు చేస్తున్నవాళ్లు అవతలి తెరలో ఒక్క అక్షరం కొట్టాలంటే, ముందు మౌసు పట్టుకుని, బాణం గుర్తును ఈ తెర అంచు దాటించి, ఆ తెరలోకి తోసి, అక్కడ ఒక నొక్కు నొక్కి, మళ్లీ కీబోర్డు మీదికి రావాలి. రెండు చేతులున్నవాళ్లకు అది రెండు క్షణాల పని.

ఒక్క చెయ్యే ఉంటే?

మా పెదనాన్న కొడుకు సంగతి చెబుతాను. మాది పాణ్యం. నంద్యాల నుంచి కర్నూలు వెళ్లే రోడ్డులో, రైల్వేస్టేషన్ ఉన్న ఊరు. బయటివాళ్లకు మా ఊరి పేరు సిమెంటు వల్ల తెలుసు. తమాషా ఏమిటంటే ఆ ఫ్యాక్టరీ మా ఊళ్లో లేదు, బేతంచెర్ల పక్కన బుగ్గానిపల్లెలో ఉంది. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకైతే ‘పాణ్యం క్వార్ట్‌జైట్’ అని ఒక రాతి పొర పేరుగా తెలుసు. ఇలా మా ఊరి పేరు మా ఊరికన్నా ఎక్కువ తిరిగింది. అన్న కూడా అలాగే హైదరాబాదులో పదేళ్లు తిరిగి, ఒకనాడు మోటారుసైకిల్ ప్రమాదంలో కుడి భుజం దెబ్బతిని ఇల్లు చేరాడు.

ఎముక విరిగితే అతుక్కునేది. విరిగింది ఎముక కాదు. మెడ దగ్గర వెన్నుపాము నుంచి బయల్దేరి భుజం మీదుగా చేతికి దిగే నరాల కట్ట ఒకటుంటుంది. డాక్టర్లు దాన్ని బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. బండి మీంచి ఎగిరి భుజం మీద పడినప్పుడు తల ఒక పక్కకీ భుజం ఇంకో పక్కకీ లాగి ఆ కట్ట సాగిపోతుంది. ఒక్కోసారి తెగిపోతుంది. ఆపరేషన్ చేశారు. ఏడాదిన్నర తర్వాత మోచెయ్యి కొంచెం ముడవడం వచ్చింది. వేళ్లు మాత్రం రాలేదు. చూడటానికి చెయ్యి అలాగే ఉంది. భుజం కింద బరువుగా వేలాడుతూ, ఎవరిదో చెయ్యి మోస్తున్నట్టు ఉంటుందంటాడు.

ఉద్యోగం పోలేదు. ఇంటి నుంచి పని అనే మాట అప్పటికి కొత్త కాదు. పాణ్యంలోనే, పాత ఇంటి వసారాలో ఒక గది చేసి, బల్ల వేసి, ల్యాప్‌టాప్ ఎడమ పక్కనా పెద్ద మానిటర్ కుడి పక్కనా పెట్టుకున్నాడు. పెద్దదాంట్లో ప్రోగ్రాము. చిన్నదాంట్లో ఆఫీసు మాటామంతీ, మీటింగులు. ఎడమ చేత్తో టైపు చేయడం ఆరు నెలల్లో వచ్చేసింది. రానిది ఆ గడప దాటడమే. ఎడమ చెయ్యి కీబోర్డు వదిలితే కీబోర్డు మీద ఇంకెవరూ లేరు. మీటింగులో ఎవరో ప్రశ్న అడుగుతారు. జవాబు కుడి తెరలో ఉంటుంది. ఎడమ చెయ్యి మౌసు కోసం వెతుక్కుని, బాణాన్ని నెట్టుకుంటూ పోయి, చూసి, తిరిగొచ్చి జవాబు టైపు చేసేలోగా మాట ఇంకో నలుగురిని దాటిపోతుంది. అన్నకు తెలియక ఆలస్యమవుతోందని వినేవాళ్లు అనుకున్నారు. ఒక సంవత్సరాంతపు సమీక్షలో పైవాడు చాలా మర్యాదగా, ‘మీకు కొంచెం తేలికైన పని చూద్దామా’ అని అడిగాడట. తేలికైన పని అంటే ఏమిటో ఉద్యోగం చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. మొదట పని తేలికవుతుంది, తర్వాత జీతం, ఆ తర్వాత మనిషే!

సంక్రాంతి వరకూ గడువు అడిగాడు అన్న.

ఆ పండక్కి నేను ఊరెళ్లినప్పుడే ఈ కథంతా తెలిసింది. ‘వేగం సమస్య కాదు పాపా, దారి సమస్య’ అన్నాడు. ఎడమ చెయ్యి కీబోర్డు మీంచి లేవకుండానే తెర మారే దారి కావాలి.

ఇది అన్నకొక్కడికే వచ్చిన ఆలోచన కాదు. మౌసును మొట్టమొదట లోకానికి చూపించిన మనిషికీ వచ్చింది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే అమెరికా ఇంజినీరు 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సభలో కంప్యూటరును తెర మీద నడిపి చూపించాడు. ఆయన కుడి చేతి కింద మౌసు ఉంది. ఆ ముచ్చట అందరికీ తెలిసిందే. ఎడమ చేతి కింద ఏముందో చాలామందికి తెలియదు. హార్మోనియం మెట్ల లాంటి ఐదు మీటలున్న చిన్న పలక ఉంది. ఐదు వేళ్లకు ఐదు మీటలు. విడిగా ఒకటి, కలిపి రెండు, మూడు... ఇలా నొక్కితే 31 రకాల కలయికలు వస్తాయి. ఇంగ్లిషు అక్షరాలన్నీ అందులో సరిపోతాయి. అంటే కుడి చెయ్యి మౌసు వదలక్కర్లేదు, ఎడమ చెయ్యి మీటలు వదలక్కర్లేదు. చేతులు ఇల్లు మారకూడదన్నదే ఆయన పట్టు. లోకం ఆ రెండింటిలో మౌసును ఇంటికి తెచ్చుకుంది, ఐదు మీటల పలకను అక్కడే వదిలేసింది. నేర్చుకోవడం కష్టమన్నారు. సైకిలు నేర్చుకోవడం మాత్రం తేలికా?

సరే, మన ఇళ్లలో ఉండే మామూలు విండోస్ కంప్యూటరులో ఏ ఏర్పాటూ లేదా అంటే, ఉంది. రెండు తెరలు వాడేవాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. విండోస్ బొమ్మ ఉన్న మీట, షిఫ్టు రెండూ పట్టుకుని కుడి బాణం మీట నొక్కితే మీరు వాడుతున్న కిటికీ ఎగిరి కుడి తెరలో వాలుతుంది. ఎడమ బాణం నొక్కితే ఎడమకు. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచీ ఈ సదుపాయం ఉంది. ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే తెరిచి ఉన్న కిటికీలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయన్నది అందరికీ తెలిసిందే. ఒంటి చేతివాళ్ల కోసం ‘స్టిక్కీ కీస్’ అని ఇంకోటి ఉంది. షిఫ్టు మీటను వరసగా ఐదుసార్లు కొడితే, పెట్టమంటారా అని అడుగుతుంది. పిల్లలు ఆటలాడుతూ షిఫ్టు బాదినప్పుడు ఉన్నట్టుండి ఏదో పెట్టె తెరుచుకుని విసిగిస్తుందే, అదే! మనకు విసుగు పుట్టించే ఆ పెట్టె చాలామందికి ఊతకర్ర. అది పెట్టుకుంటే రెండు మూడు మీటలు ఒకేసారి నొక్కి పట్టుకోనక్కర్లేదు. ఒకటి నొక్కి వదిలి, తర్వాత ఇంకోటి నొక్కవచ్చు.

అన్న ఇవన్నీ చూశాడు. విండోస్ మీట కీబోర్డుకు ఎడమ కొసన, బాణాలు కుడి కొసన. రెండింటికీ మధ్య ఒక్క చెయ్యి అటూ ఇటూ పరుగెత్తాలి. మౌసు దగ్గరికి పరుగెత్తినా అంతే దూరం! పైగా అది కిటికీని మోసుకుపోతుందే గానీ, ఉన్న కిటికీని కదపకుండా మనల్ని అవతలి తెరకు తీసుకుపోదు. ఇక ఆల్ట్-ట్యాబ్‌తో ఉన్న చిక్కు వేరే. దాని వరస ఎప్పుడూ ఒకలా ఉండదు. మనం ఆఖరున దేన్ని వాడితే అది ముందుకొస్తుంది. పొద్దున రెండు నొక్కులకు వచ్చిన కిటికీ మధ్యాహ్నం ఐదు నొక్కులకు గానీ రాదు. కాబట్టి ప్రతిసారీ కళ్లు పెట్టి చూస్తూ నొక్కాలి. వేళ్లకు అలవాటు కాదు.

వేళ్లకు అలవాటు కావడం అంటే ఏమిటో మా వదిన పుట్టింట్లో చూశాను. వాళ్లది ఆళ్లగడ్డ. రాతి విగ్రహాలకు పేరున్న ఊరు. అక్కడ శిల్పి పక్కన ఉలులు ఒక వరసలో పడి ఉంటాయి. మనకు అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. ఆయన రాయి మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాపి కావలసిన ఉలే అందుకుంటాడు. పక్కనున్న పిల్లాడు ఒక ఉలిని తీసి ఇంకోచోట పెట్టాడా, ఇంకంతే, తిట్లే! ఉలి పోయినందుకు కాదు, చోటు పోయినందుకు.

అన్న ఆఫీసు పని లినక్సు మీద. అందులో తెర మీది కిటికీలను ఎక్కడ ఎలా పరచాలో చూసుకునే ప్రోగ్రామును మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. అన్న ఎంచుకున్నది ‘ఎక్స్‌మొనాడ్’ అనే ఉచిత ప్రోగ్రాము. 2007లో వచ్చింది, హాస్కెల్ అనే భాషలో రాశారు. దీని విశేషం ఏమిటంటే, దాని సెట్టింగుల ఫైలే ఒక ప్రోగ్రాము. ఏ మీట నొక్కితే ఏం జరగాలో మన చేత్తో రాసుకోవాలి. రాసేవాళ్ల సౌకర్యం కోసం కొన్ని ముందే రాసి ఉంటాయి. అందులో ఒకటి చూసి అన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. ఆల్ట్ పట్టుకుని డబ్ల్యూ కొడితే మొదటి తెర, ఈ కొడితే రెండో తెర, ఆర్ కొడితే మూడో తెర. షిఫ్టు కూడా కలిపితే కిటికీ ఆ తెరకు వెళ్తుంది. డబ్ల్యూ, ఈ, ఆర్... కీబోర్డు చూడండి, మూడూ పక్కపక్కనే, ఎడమ చేతి కిందే! ఎక్కడో ఎవరో తమ సౌకర్యం కోసం పెట్టుకున్న మీటలు పాణ్యంలో ఒంటి చేతి మనిషికి కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. ఆల్ట్ ఇతర పనులకు కావాలని, దాని బదులు పక్కనే ఉన్న విండోస్ మీట పెట్టుకున్నాడు. బొటనవేలు దాని మీద, ఉంగరపు వేలు డబ్ల్యూ మీద, మధ్యవేలు ఈ మీద.

విండోస్ వాడేవాళ్లూ నిరాశ పడక్కర్లేదు. 2003 నుంచీ ‘ఆటోహాట్‌కీ’ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. ఏ మీటకు ఏ పని అన్నది అందులోనూ రాసుకోవచ్చు. ఆఫీసు కంప్యూటరైతే ముందు ఆఫీసును అడగండి.

నాకు ఇక్కడ ఒక సందేహం వచ్చింది. ఉన్నవి రెండే తెరలు. అలాంటప్పుడు రెండు మీటలెందుకు? ఒక్క మీట చాలదా? ఒకసారి నొక్కితే అటు, మళ్లీ నొక్కితే ఇటు. మీట ఒకటి మిగిలిపోయేది కదా!

అన్న నవ్వి, పెరట్లో గోడకు ఉన్న స్టార్టరు పెట్టె చూపించాడు. పల్లెటూరి ఇళ్లలో, చేలల్లో బోరు మోటారుకు ఉండే పెట్టె. దానికి పచ్చ బటన్ ఒకటి, ఎర్ర బటన్ ఒకటి. పచ్చది నొక్కితే మోటారు ఆడుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. ‘ఒకే బటన్ పెట్టి, ఒకసారి నొక్కితే ఆడేటట్టు, ఇంకోసారి నొక్కితే ఆగేటట్టు చేసి ఉంటే ఏమయ్యేది?’ అన్నాడు. రాత్రి రెండు గంటలకు కరెంటొస్తుంది. రైతు చీకట్లో వెళ్తాడు. మోటారు ఆడుతోందో లేదో సరిగా తెలియదు. గాలి హోరులో వినపడదు. ఒకే బటనైతే, నొక్కితే ఆగిందో ఆడిందో! పచ్చది వేరుగా ఉంది కాబట్టి ధైర్యంగా నొక్కుతాడు. అప్పటికే ఆడుతుంటే ఆడుతూనే ఉంటుంది, నష్టం లేదు. పదిసార్లు నొక్కినా పచ్చ పచ్చే.

తెరలకూ అంతే. ఒకే మీటైతే ఇప్పుడు ఏ తెరలో ఉన్నామో గుర్తుంచుకుని నొక్కాలి. తొందరలో, మీటింగు మధ్యలో, ఎవరో పిలిస్తే తల తిప్పి వచ్చాక అది గుర్తుండదు. విడివిడి మీటలైతే ఎక్కడున్నామన్నది అనవసరం. ఎక్కడికి పోవాలన్నదే కావాలి. అప్పటికే అక్కడుంటే అక్కడే ఉంటాం. ఇంట్లో ఫ్యానుకూ లైటుకూ బెడ్‌స్విచ్చులు పెట్టించుకుని కరెంటు పోయినప్పుడు అవి వేసి ఉన్నాయో ఆపి ఉన్నాయో తెలియక తికమకపడ్డవాళ్లందరికీ ఈ మాట ఇట్టే అర్థమవుతుంది.

కరెంటంటే గుర్తొచ్చింది. గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. 2017లో పూర్తయింది. మా ఇంటి నుంచి ఎంతో దూరం కాదు. అంతమాత్రాన మా వీధిలో కరెంటు పోదని కాదు. కరెంటు తయారవడం వేరు, గాలివానలో మా వీధి చివరి తీగ దాకా రావడం వేరు. కథ అడ్డం తిరిగింది అక్కడే.

ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. ఇన్వర్టరు ఉంది గానీ, అది అందుకునే ఆ అరక్షణంలో పెద్ద మానిటర్ ఆరిపోయి మళ్లీ వెలిగింది. అన్న ఏమీ గమనించలేదు. మీటింగు నడుస్తోంది. కుడి తెరలో ఒక సర్వరు పాస్‌వర్డ్ అడుగుతోంది. అన్న అలవాటు ప్రకారం ఈ మీట కొట్టాడు. కళ్లు కాగితం మీద ఉన్నాయి. పాస్‌వర్డ్ టైపు చేసి ఎంటర్ నొక్కాడు. తలెత్తి చూస్తే... పాస్‌వర్డ్ వెళ్లింది సర్వరుకు కాదు, ఎడమ తెరలో ఇరవై మంది ఉన్న ఆఫీసు గ్రూపులోకి! వెంటనే తుడిపేశాడు, పాస్‌వర్డ్ మార్చేశాడు, పైవాళ్లకు తనే చెప్పాడు. పెద్ద నష్టం జరగలేదు. కానీ సంక్రాంతి గడువుకు అప్పటికి మూడు వారాలే ఉంది. ఒంటి చేత్తో తడబడుతున్నాడన్న అనుమానం ఉన్నవాళ్లకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

తడబడింది అన్న కాదు, లెక్క. మొదటి తెర, రెండో తెర అని కంప్యూటరు పెట్టుకునే అంకెలు మన బల్ల మీద ఉన్న వరసను చూసి పెట్టుకున్నవి కావు. ఏ తీగ ఏ రంధ్రంలో ఉంది, దేన్ని ముఖ్యమైన తెరగా ఎంచారు, ఏది ఎప్పుడు కలిసింది... ఇలాంటి లోపలి లెక్కలతో పెట్టుకున్నవి. మానిటర్ ఆరి వెలిగేసరికి ఒకటి రెండయింది, రెండు ఒకటయింది. తెరలు కదల్లేదు. వేళ్లూ తప్పలేదు. మధ్యలో అంకెలు చోటు మార్చుకున్నాయి. మీ విండోస్ కంప్యూటరులో కూడా డిస్‌ప్లే సెట్టింగుల్లో ‘ఐడెంటిఫై’ అని ఉంటుంది, నొక్కి చూడండి. తెరల మీద పెద్ద అంకెలు పడతాయి. కుడి పక్కదాని మీద ఒకటి, ఎడమ పక్కదాని మీద రెండు పడితే ఆశ్చర్యపోకండి. అక్కడ కనిపించే రెండు పెట్టెలను మీ బల్ల మీద ఎలా ఉన్నాయో అలా లాగి సర్దుకుంటేనే బాణం సరైన అంచు దాటుతుంది. అంకెలు మాత్రం వాటి ఇష్టం.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు అన్న ముఖం చూసి పెదనాన్న అడిగాడట, ‘ఏమైందిరా?’ అని. ఆయనకు డెబ్బై ఐదేళ్లు. కొడుకు కంప్యూటరు పని గురించి అప్పటిదాకా ఎప్పుడూ అడగలేదు. అడిగినా అర్థం కాదని ఆయనా, చెప్పినా అర్థం కాదని వీడూ ఊరుకున్నారు. చేతికి దెబ్బ తగిలాక ఆ మౌనం ఇంకా గట్టిపడింది. ఆ రోజు మాత్రం అన్న విసుగ్గా, ‘రెండు తెరలున్నాయి నాయనా. ఒకటో నంబరు, రెండో నంబరు అని పేర్లు. కరెంటు పోతే పేర్లు తారుమారయితాన్నాయి’ అన్నాడు.

పెదనాన్న కాసేపు ముద్ద కలుపుతూ కూర్చుని, ‘పేరు ఎద్దుకెందుకు పెట్టినావురా? చోటుకు పెట్టల్ల’ అన్నాడు.

పట్నం పాఠకుల కోసం కొంచెం వివరం. కాడికి రెండెద్దులను కడతారు కదా. ఎడమ పక్కన కట్టేదాన్ని దాపట అంటారు, కుడి పక్కన కట్టేదాన్ని ఎలపట. ఎద్దులకు సొంత పేర్లుంటాయి, రాముడో లక్ష్మణుడో. కానీ అరక మీద మాట నడిచేది దాపట, ఎలపటలతోనే. ఈ ఏడాది జత అమ్మి కొత్త జత తెచ్చినా దాపట దాపటే. ఎరువు తీసుకున్న పక్కింటి ఎద్దు వచ్చి నిలబడినా, ఆ పక్కన నిలబడితే అది దాపటే. ‘కొట్టంలో నుంచి ముందు బయటికొచ్చిన ఎద్దును ఒకటోది అంటే, రోజుకొకటి ముందొస్తాది. అట్ల పిలిస్తే యాడ సాగుతాది సేద్యం?’ అన్నాడట పెదనాన్న. మా ఇంట్లో ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చి పదిహేనేళ్లు దాటింది. ఆయన నాలుక మీద మాత్రం కాడి దిగలేదు.

అన్న చెయ్యి కడుక్కుని లేచి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

చేయాల్సింది అదే. తెరను అంకెతో కాకుండా, అది ఉన్న చోటుతో పిలవాలి. చోటు కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? దానికి తెలుసు. అన్ని తెరలనూ కలిపి ఒకే పెద్ద గోడ అనుకుని కొలతలు వేసుకుంటుంది. ల్యాప్‌టాప్ వెడల్పు 1920 చుక్కలు. దాని ఎడమ అంచు సున్నా దగ్గర మొదలవుతుంది. దాని కుడి పక్కన ఉన్న పెద్ద మానిటర్ 1920 దగ్గర మొదలవుతుంది. ఎవరి అంచు సున్నాకు దగ్గరగా ఉంటే వాళ్లు ఎడమ. ఎక్స్‌మొనాడ్‌లో ఈ పని కోసమే ‘ఫిజికల్ స్క్రీన్స్’ అని ఒక భాగం ఎవరో ముందే రాసిపెట్టి ఉంచారు. అంటే ఈ గొడవ పాణ్యందొక్కటే కాదన్నమాట!

అది పెట్టాడు. పెట్టగానే పని చేయాలి. చేయలేదు. డబ్ల్యూ నొక్కితే మళ్లీ కుడి తెరే! అర్ధరాత్రి దాటే దాకా తల పట్టుకుని చూస్తే అప్పుడు తేలింది. ఆ భాగం ముందు పై నుంచి కిందికి చూస్తుంది, ఆ తర్వాతే ఎడమ నుంచి కుడికి. అన్న పెద్ద మానిటర్ ఎత్తు 1440 చుక్కలు, ల్యాప్‌టాప్ ఎత్తు 1080. రెండింటి అడుగులూ సమానంగా ఉండేట్టు సెట్టింగు పెట్టుకున్నాడు, బల్ల మీద ఉన్నట్టే. దాంతో పెద్దదాని తల 360 చుక్కలు పైకి లేచింది. తల ఎవరిది పైనుంటే వాళ్లే ముందు! పొడుగుగా ఉన్న ఎద్దును ఒకటోది అన్నట్టు. పక్కపక్కన ఉన్న తెరలకు ఎత్తు చూడొద్దు, ఎడమ కుడి మాత్రమే చూడు అని చెప్పే ఏర్పాటూ అందులోనే ఉంది. ఒక్క మాట మార్చాడు. తెల్లవారుజామున మెయిను ఆపి, వేసి, తీగలు పీకి, పెట్టి, పన్నెండుసార్లు చూశాడట. వదిన నిద్ర లేచి, ‘దొంగలు పడినారేమో అనుకుంటిని’ అంది.

ఇంకో చిన్న పని కూడా చేశాడు. ఏ కిటికీలో టైపు అవుతుందో ఆ కిటికీ చుట్టూ ఎర్ర గీత ఉంటుంది ఎక్స్‌మొనాడ్‌లో. అది సన్నగా ఉంటుంది. దాన్ని వేలెడు మందం చేశాడు. చూడటానికి అందంగా లేదు. పాస్‌వర్డ్ కొట్టే ముందు మాత్రం కంటి చివరన తగులుతుంది.

ఆ ఫైలు నాకు చూపించాడు. అంతా ఇంగ్లిషు అక్షరాలే. కానీ డబ్ల్యూ మీట పక్కన ‘దాపట’ అనీ, ఈ మీట పక్కన ‘ఎలపట’ అనీ రాసి ఉంది. ప్రోగ్రాములో మనం పెట్టుకునే పేర్లు మన ఇష్టం కదా! ఆ ఫైలును అమెరికాలో ఉన్న సహోద్యోగి ఒకాయన అడిగి తీసుకుని, ఇవేం మాటలని అడిగాడట. అన్న ఒక అరక బొమ్మ గీసి పంపాడు. ఎడమ చేత్తో గీసింది. ఎద్దులు మేకల్లా ఉన్నాయి.

నా సంగతికొస్తే, పత్రికాఫీసులో మా బల్లల మీద కూడా రెండేసి తెరలున్నాయి. ఏజెన్సీ వార్త ఒకదాంట్లో, మా తెలుగు ఇంకోదాంట్లో. తెర మారడంతో పాటు భాష కూడా మారాలి మాకు. తెలుగు టైపింగుకు ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి పంచారు. చక్కటి పంపకం. రెండు చేతులూ తాళం వేసినట్టు ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. ఈ మాట అన్నకు చెబితే ఎడమ చెయ్యి ఎత్తి చూపించి, ‘అయితే నాకు మిగిలింది అచ్చులేనా?’ అన్నాడు. తెలుగు కావలసినప్పుడు ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే తెలుగుగా మారే పద్ధతి వాడుకుంటాడు. ఇలాంటివి తయారుచేసేవాళ్లు ఒంటి చేతివాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టుకుంటే ఎంత బాగుండు అనిపించింది. ఎంగెల్‌బార్ట్ ఐదు మీటల పలక ఇప్పుడు దొరికితే మా ఇంట్లో ఒకటి కొనేవాళ్లం.

సంక్రాంతి తర్వాత సమీక్ష జరిగింది. ఎవరూ మెచ్చుకోలేదు, మేకతోలు కప్పలేదు. మీటింగులో ముగ్గురు మూడు ప్రశ్నలు అడిగారు, అన్న మూడింటికీ అక్కడికక్కడే జవాబు టైపు చేశాడు. తేలికైన పని మాట పైవాడు ఎత్తలేదు. అన్న కూడా గుర్తు చేయలేదు. అదే జట్టులో, అదే పనిలో ఉన్నాడు.

పెదనాన్న ఇప్పుడు సాయంత్రం పూట ఆ గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంటున్నాడు. తెర మీద ఏముందో ఆయనకు అక్కర్లేదు. ఎర్ర గీత అటు నుంచి ఇటు దూకినప్పుడల్లా ‘ఎలపట’, ‘దాపట’ అని తనలో తాను అనుకుంటూ ఉంటాడు. పోయిన నెల అన్న మూడో తెర ఒకటి కొందామనుకుంటున్నానన్నాడు. ఆర్ మీట ఎలాగూ ఖాళీగా ఉంది.

‘మూడోదాన్ని యాడ కడతావురా?’ అని అడిగాడు పెదనాన్న. అన్న ఇంకా చెప్పలేదు.